ఎవరడిగిన బొమ్మ?

శుక్రవారం అరకు సంత. మాకు సెలవు ఆదివారం. మా ఫొటోల కథంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

కొండల మీంచి పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, చిక్కుళ్లు దిగే రోజున మేము బడిలో హాజరు పిలుస్తూ ఉంటాం. సచివాలయంలో వేలిముద్రలు పడని ముసలి వేళ్లను యంత్రం మీద మళ్లీ మళ్లీ నొక్కిస్తూ ఉంటాం. సబ్‌సెంటర్లో బీపీ చూస్తూ ఉంటాం. కాఫీ నర్సరీలో మొక్కలు లెక్కపెడుతూ ఉంటాం. ఆ వేళకు సంతలో కెమెరాలు లేకపోవు. విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి, కలకత్తా నుంచి వచ్చినవి ఉంటాయి. మా సంత ఎలా ఉంటుందో లోకానికి చెప్పిన బొమ్మలన్నీ శుక్రవారం ఖాళీగా ఉన్నవాళ్లు తీసినవే. మేము ఆదివారం కెమెరా పట్టుకుని వెళ్లేసరికి ఖాళీ మైదానం, పాతిన కర్రలు, ఎండిన అడ్డాకులు, పడుకున్న కుక్కలు మిగులుతాయి.

ఇది మా లోటని చాలాకాలం అనుకున్నాం. ఉద్యోగం లేకపోతే మేమూ గొప్ప ఫొటోలు తీసేవాళ్లమని, రాత్రి పదకొండు దాటాక కళ్లు మూతలు పడుతుంటే కంప్యూటర్లో పోస్టరు వేయాల్సిన ఖర్మ లేకపోతే మంచి చిత్రకారులమయ్యేవాళ్లమని మాలో మేము అనుకున్నాం. ఇప్పుడా మాట మీద మాకే అనుమానం పుట్టింది. అందుకే ఈ వ్యాసంలో బయటివాళ్ల బొమ్మలను కొంత, మా బొమ్మలను ఎక్కువ విమర్శకు పెడుతున్నాం.

ముందు ఉద్యోగం సంగతి. మైదానంలో జరిగే సభల్లో పెద్దలు మాకొక సలహా ఇస్తూ ఉంటారు: 'కళ అంటే పూర్తికాలం పని, సగం మనసుతో కుదరదు' అని. వినడానికి బాగుంటుంది. మాలో చాలామందిది ఇంటి మొత్తానికీ మొదటి జీతం. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది. దాని వల్ల పోడు చేసిన ఇళ్లలోంచి మాస్టర్లు వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మా తమ్ముళ్లకు ఆ దారి మూసుకుపోయిందని తెలిశాక, చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి కెమెరా పట్టుకోమనడం మాకు ఎగతాళిలాగే వినిపిస్తుంది. ఆ జీతంతోనే కెమెరా కొన్నాం. ఆ జీతంతోనే చెల్లెలి నర్సింగు ఫీజు కట్టాం. మా కళ ఆ జీతం నీడలోనే పెరిగింది. దాన్ని తిట్టుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

అయితే జీతానికి ఇంకో ముఖం కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంటుంది. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. అనుమతి లేకుండా పెళ్లి ఫొటోలకు డబ్బు తీసుకుంటే మొదటిది అడ్డు. డోలీలో మోసుకొస్తున్న బాలింతను ఫొటో తీసి బయటపెడితే రెండోది గుర్తొస్తుంది. ఫొటోలో విమర్శ ఉందా అని ఎవరైనా అడగొచ్చు. రోడ్డు లేని కొండా, రెండు కర్రలూ, ఒక దుప్పటీ, నలుగురు మనుషులూ ఉన్న ఫొటోలో వేరే విమర్శ రాయనక్కర్లేదు. అలాంటి ఫొటోలు మా ఫోన్లలో ఉన్నాయి. కొన్ని పేరు లేకుండా పత్రికలకు చేరాయి. కొన్ని చేరలేదు. చేరనివాటికి కారణం తీరిక లేకపోవడం కాదు, భయం. తీరిక లేదనే మాట వెనక మేము ఎన్నిసార్లు దాక్కున్నామో ముందు ఒప్పుకోవాలి.

ఉద్యోగం చేస్తూ మరో పని పట్టుకున్నవాళ్లు మాకు ముందూ ఉన్నారు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షలు గీసే కొలువు చేస్తూ 1870లలో కెమెరా నేర్చుకున్న లాలా దీన్‌దయాళ్ మొదట సెలవు పెట్టాడు, తర్వాత ఉద్యోగమే వదిలేశాడు. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరై సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన వదలగలిగాడంటే అవతల దర్బారు ఉంది. మా మన్యానికి దగ్గరివాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకు బడి పెట్టాడు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, పని మొదలుపెట్టిన దాదాపు నలభై ఏళ్లకు. పంతులుద్యోగం ఆ పనిని ఆలస్యం చేసి ఉండొచ్చు కానీ ఆపలేదు. ఆయన మావాడు కాడు. అయినా ఒక్క సంగతి ఆయన నుంచి తీసుకుంటాం. ఆయన సవరల దగ్గర నేర్చుకున్నది పుస్తకంలోకి వెళ్లకముందే సవర పిల్లల పలకల మీదికి వెళ్లింది.

మా మీద కెమెరా పెట్టడమే ఉద్యోగంగా వచ్చినవాళ్లు వేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. రంగాచారి తోడుగా ఆయన రాసిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' 1909లో ఏడు సంపుటాలుగా వచ్చింది. తలలు, ముక్కులు కొలిచిన పుస్తకం అది. కొలబద్ద చేసిన పనే కెమెరా కూడా చేసింది. ఫొటో కింద సాధారణంగా జాతి పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. హైమెండార్ఫ్ అలా కాదు, మనుషులతో కలిసి ఉన్నాడు. కొండరెడ్ల మీద 1945లో పుస్తకం తెచ్చాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. కొండరెడ్ల మనవలు తాత ముఖం చూడాలంటే దారి లండన్ మీదుగా పోతుంది. బొమ్మ బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. అది ఎక్కడికి వెళ్లింది, ఎవరి ఇంట్లో ఉంది అన్నది మొదటి ప్రశ్న.

ఈ మొదటి ప్రశ్నకు జవాబు మా కొండల్లో పాతకాలం నుంచీ ఉంది. సవరల ఇంట్లో గోడ బొమ్మ ఊరికే వేయరు. ఇంట్లో జబ్బు చేస్తేనో, చనిపోయిన పెద్ద కలలోకి వస్తేనో, దేవుడు ఇల్లు అడుగుతున్నాడని తెలిస్తేనో వేస్తారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో మనుషులు, ఏనుగులు, చెట్లు, ఈమధ్యనయితే రైళ్లు, తుపాకులు, విమానాలు కూడా వస్తాయి. అది అలంకారం కాదు, వచ్చే పెద్దకు చోటు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత ఆదివాసీ కళ మీద, 1955లో సవరల మతం మీద తెచ్చిన పుస్తకాల్లో ఈ బొమ్మలను వివరంగా రాశాడు. అందులో మాకు కావలసిన ముక్క ఒకటి ఉంది. ఆ బొమ్మ వేసేవాడికి బొమ్మలేయడం వృత్తి కాదు. అతనూ పోడు కొట్టేవాడే. పిలిచినప్పుడు వచ్చి వేస్తాడు, తిని తాగి ఇంటికి పోతాడు. తెల్లారి మళ్లీ చేనుకు వెళ్తాడు. మా దగ్గర మోరి ఊదేవాడూ, తుడుము కొట్టేవాడూ, కిరిడి వాయించేవాడూ అంతే. థింసా ఆడే ఆడవాళ్లు పొద్దున్న చోడి చేనులో ఉన్నవాళ్లే.

అంటే 'పని చేసుకుంటూ కళ' అనేది మాకు కొత్త కష్టం కాదు, పాత అలవాటే. 'తీరిక వేళల సరదా' అన్న మాటే మైదానం నుంచి, జీతాల లోకం నుంచి వచ్చింది. సవర గోడ మీద బొమ్మ వేసినవాణ్ణి ఎవరూ 'పార్ట్ టైమ్ ఆర్టిస్టు' అనలేదు. మరి ఆయనకూ మాకూ తేడా ఎక్కడుంది? ఆయన్ని ఒక ఇల్లు పిలిచింది. మమ్మల్ని ఎవరు పిలిచారు?

పిలుపు లేకుండా కళ ఒక్కటే మిగిలితే ఏమవుతుందో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ బతుకు చెబుతుంది. గోండు ప్రధాన్ యువకుడు. 1980ల మొదట్లో పాటన్‌గఢ్ గోడల మీద ఆయన బొమ్మలు చూసి భోపాల్ తీసుకొచ్చారు. జె. స్వామినాథన్ నడిపిన భారత్ భవన్‌లో, గ్రాఫిక్ విభాగంలోనే ఉద్యోగం ఇచ్చారు. 1989లో పారిస్ ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. ఆయన దారిలో ఒక చిత్రకళా సంప్రదాయమే పుట్టింది, ఇవాళ వందల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. అదే జన్‌గఢ్ 2001 జూలైలో జపాన్‌లోని ఒక మ్యూజియంలో, ఇంటికి దూరంగా బొమ్మలు వేస్తూ, ఉరేసుకుని చనిపోయాడు. ఇంటికి వచ్చేయాలని అడుగుతూనే ఉన్నాడని ఆయనవాళ్లు చెప్పారు. కళే ఉద్యోగమైతే కష్టాలు తీరతాయని చెప్పేవాళ్లకు మేము ఈ చావును గుర్తుచేస్తాం. ఉద్యోగం ఒక చేత్తో, కళ ఒక చేత్తో మోయడం బరువే. రెండూ ఒకే యజమాని చేతిలో పెడితే ఇంకా బరువు.

ఇక మా బొమ్మలు. మాలో కొందరం తీసిన ఫొటోలు ఒకచోట పోసి చూశాం. ఏమున్నాయి? వంజంగి మబ్బులు. వలిసె పూల పసుపు. లంబసింగి మంచు. గెడ్డ దగ్గర నీళ్లు. వెనక నుంచి తీసిన గంపలు, బరువుతో వంగిన నడుములు. ముసలి అవ్వ చేతుల ముడతలు. చెవిపోగులు. పొగలో సగం ముఖం. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ బాగుండటమే మాకు భయం పుట్టించింది. వీటిలో ఏ ఒక్కటీ మేమే తీశామని చెప్పే గుర్తు లేదు. 2017లో అరకు రైలుకు తగిలించిన విస్టాడోమ్ అద్దాల బోగీలోంచి దిగిన టూరిస్టు కూడా ఇవే తీస్తాడు. పూల చేను యజమాని ఎవరో మాకు తెలుసు, నూనెకు ఎంత గింజ వచ్చిందో తెలుసు, ఫొటోల కోసం తొక్కిన చాళ్లు ఎన్నో తెలుసు. ఫొటోలో మాత్రం అదేమీ లేదు. కొండ పుట్టుకతో మాది, చూపు అరువుది.

దీని ధర మాలో ఒకరికి తెలిసొచ్చింది. ఆయన ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. పక్క గూడెంలో ఒక గదబ అవ్వ ఉండేది. ఆమెవి వంద ఫొటోలు తీశాడు. వాటిలో ఒకటి నగరంలో ప్రదర్శనకు కూడా వెళ్లింది. ఒక కార్యాలయం వాళ్లు ఇంకొకటి తీసి, అడగకుండా, పేరు వేయకుండా క్యాలెండరు మీద వేసుకున్నారు. దాని మీద మేమందరం చాలా కోపగించుకున్నాం. ఆ కోపంలో ఉండగానే అవ్వ చనిపోయింది. దినానికి ముందు ఆమె కూతురు వచ్చింది.

"మాస్టారూ, మాయమ్మ ఫొటో ఒకటి పెద్దది చేసియ్యండి. పెట్టుకుంటాం."

మాస్టారు కంప్యూటరు తెరిచాడు. చేతులున్నాయి, మెడ కడియాలున్నాయి, వీపు మీద గంప ఉంది, పొగలో చెంప ఉంది. కూతురు ఒక్కొక్కటీ చూసి ఊరుకుంది.

"ముకం తిన్నగా కనిపించీది ఒక్కటీ లేదేటి మాస్టారూ?"

లేదు. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటో కత్తిరించి, మసకలు తీసి, పెద్దది చేసి ఇచ్చాడు. ఆధార్ ఆపరేటరు కుర్రాడు, అవ్వ పేరైనా సరిగా రాయనివాడు, ఆమె ముఖాన్ని తిన్నగా తీశాడు. ఆమెను వందసార్లు తీసిన మావాడు తీయలేదు. క్యాలెండరు వాళ్లు ఆయన పేరు వేయలేదని మేము గోల పెట్టాం. ఆ క్యాలెండరు మీద అవ్వ పేరు కూడా లేదని ఆ రోజు వరకు మాలో ఎవరికీ తట్టలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఒక మిత్రుడు వాదించాడు: 'కళాకారుడు ముఖమే తీయాలా? చేతులు తీస్తే తప్పా?' తప్పు కాదు. ముఖం ఇచ్చాక చేతులు తీసుకోవచ్చు. ఆ వరస మేము తప్పాం.

ముఖం తీయడంలో కష్టమూ ఉంది, చెప్పుకోవాలి. కెమెరాలోని మీటరు ఎదురున్నదాన్నంతా సగటున మధ్యరకం బూడిద రంగుగా లెక్కేస్తుంది. వెనక తెల్లటి మంచు ఉంటే ముందున్న నల్లటి ముఖాన్ని ఇంకా నల్లగా ముద్దచేస్తుంది. ఫోన్లోని అందం మోడ్ ఆ ముఖాన్ని తెల్లబరుస్తుంది. ఫ్లెక్సీ షాపు కుర్రాడు మనం అడక్కుండానే ఇంకో రెండు పొరలు తెలుపు పూస్తాడు. ఇది మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. ఫొటో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఎన్నో ఏళ్లు వాడిన షర్లీ కార్డు మీద ఉన్నది తెల్లమ్మాయి. నలుపు సరిగా పడటం లేదని చాక్లెట్లు, కర్ర సామాను అమ్మే కంపెనీలు గోలపెట్టాక గానీ ఫిల్ముల్లో పెద్ద మార్పు రాలేదంటారు. మనుషుల నలుపు కంటే చాక్లెట్ నలుపు ముందు లెక్కకొచ్చింది. కాబట్టి మీటరును ముఖం మీదే పెట్టి వెలుతురు కొలవడం, మంచును కాస్త తెల్లబోనివ్వడం, ఎడిటింగులో రంగు ముట్టకపోవడం మాకు సాంకేతిక విషయాలు మాత్రమే కావు. అవ్వ ముఖాన్ని అవ్వ ముఖంలాగే ఇవ్వడం అది.

పోస్టర్ల సంగతి ఇంకా ఘోరం. ఐక్యరాజ్య సమితి 1994లో ప్రకటించిన ప్రపంచ ఆదివాసీ దినోత్సవం ఆగస్టు 9న వస్తుంది. ఏడో తారీఖు రాత్రి ఫోన్ వస్తుంది: "అన్నా, ఫ్లెక్సీ కావాలి, రేప్పొద్దున్నకే." డ్యూటీ నుంచి వచ్చి తిని కూర్చుంటాం. నెట్‌లో 'ట్రైబల్' అని వెతుకుతాం. తల మీద ఈకల కిరీటం ఉన్న అమెరికా ఆదివాసి వస్తాడు, ఆఫ్రికా ముసుగు వస్తుంది, విల్లు పట్టుకున్న నల్లటి నీడ వస్తుంది. కింద అల్లూరి, కొమరం భీం, బిర్సా ముండా ముఖాలు వరసగా పేర్చి, పైన అను ఫాంటులో పెద్ద అక్షరాలు వేసి పంపేస్తాం. ఆ ఫ్లెక్సీలో ఈకల కిరీటం ఉంది, మా గదబ ఆడవాళ్లు నారతో నేసిన కెరంగ్ బట్ట చారలు లేవు. విల్లు ఉంది, సవర గోడ లేదు. మా ఊరి మనిషి ఒక్కడూ లేడు. అంబేడ్కర్, అల్లూరి, భీం బొమ్మల పక్కన ఎమ్మెల్యే ముఖం మాత్రం అందరికంటే పెద్దది. బయటివాడు మమ్మల్ని మూసలో పోశాడని వ్యాసాలు రాసేదీ మేమే, ఆ మూసను రాత్రికి రాత్రి డౌన్‌లోడ్ చేసి కూడలిలో కట్టేదీ మేమే. తీరిక లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. ఆగస్టు 9 ఎప్పుడొస్తుందో ఏడాది ముందే తెలుసు.

ఇదంతా మమ్మల్ని మేము కొట్టుకోవడానికి రాయలేదు. ఉద్యోగం చేస్తూనే మంచి పని చేయొచ్చని మాకు నమ్మకం ఉంది. బరోడాలో జ్యోతి భట్ పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తూ, ప్రింట్లు వేస్తూ, 1960ల చివర నుంచి సెలవుల్లో పల్లెలు తిరిగి ఆడవాళ్లు వేసిన గోడ బొమ్మలు, ముగ్గులు ఫొటోలు తీశాడు. ఆ గోడలు చాలావరకు ఇప్పుడు లేవు, ఫొటోలున్నాయి. అమెరికాలో వివియన్ మేయర్ ఆయాగా పిల్లల్ని పెంచుతూ షికాగో వీధుల్లో లక్షకు పైగా ఫొటోలు తీసి ఎవరికీ చూపించలేదు. అద్దె కట్టని గోదాములో ఆమె పెట్టెలు 2007లో వేలానికి వచ్చాయి. 2009లో ఆమె చనిపోయాకే లోకానికి పేరు తెలిసింది. ఈ ఇద్దరిలో మాకు దారి జ్యోతి భట్‌ది. మేయర్ పెట్టెలు మాకు హెచ్చరిక. మా హార్డ్ డిస్కులు కూడా అలాంటి పెట్టెలే. ఎవరిది, ఏ గూడెం, ఏ పండగ, ఏ ఏడు అని రాసి పెట్టకపోతే పదేళ్ల తర్వాత మా ఫొటోల కింద కూడా జాతి పేరు ఒక్కటే మిగులుతుంది. థర్‌స్టన్ పని మేమే పూర్తిచేసినట్టవుతుంది.

ఇంకొకటి. మా ఉద్యోగాన్ని మేమెప్పుడూ ఫొటో తీయలేదు. ఆశ్రమ పాఠశాలలో రాత్రి వరసగా పరిచిన పక్కలు, మొదటిసారి ఇల్లు వదిలిన పిల్ల కిటికీ దగ్గర నిలబడటం, హాజరు పంపడానికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన మాస్టారు, వానలో మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటే నర్సమ్మ. ఇవి టూరిస్టుకు దొరకవు. శుక్రవారం సంత పోగొట్టిన ఉద్యోగమే మమ్మల్ని సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ వెళ్లని ఇళ్లలోకి తీసుకెళ్తోంది. కానీ అక్కడే జాగ్రత్త పడాలి. మాస్టారు కెమెరా ఎత్తితే తల్లి వద్దనలేదు. రేషను ఇచ్చే చెయ్యే ఫోన్ ఎత్తితే ముసలాయన తల తిప్పుకోలేడు. మావాళ్లమే కదా అనుకుంటాం. ఉద్యోగం చొక్కా తొడుక్కున్నాక మేమూ కొంత బయటివాళ్లమే. అడిగి తీయాలి. వద్దంటే దించేయాలి. వద్దనడానికి వాళ్లకు వీలుండేలా అడగాలి.

ఆ గదబ అవ్వ సంగతి తర్వాత మాలో కొందరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ ఇంటికి కెమెరాతో వెళ్లినా మొదట ఇంటివాళ్లు కోరిన ఫొటో తీయాలి. వాళ్లు నిటారుగా నిలబడతారు, నవ్వరు, కొత్త చీర కట్టుకుంటారు, వెనక దుప్పటి వేలాడదీయమంటారు. మాకు నచ్చకపోయినా అలాగే తీయాలి. జీతం పడిన వారం ప్రింట్లు వేయించి, వెనక పేరు రాసి, చేతికిచ్చి రావాలి. మా కళ ఆ తర్వాత. మొదట విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ తిన్నటి ఫొటోలే మా దగ్గరున్న వాటిలో మంచివిగా కనిపిస్తున్నాయి. వాటిలో మనుషులు మనల్ని చూస్తున్నారు. ఎవరికి చూపించుకోవాలో వాళ్లే నిర్ణయించుకున్న ముఖాలవి.

శుక్రవారం సంత ఫొటో మా దగ్గర ఇప్పటికీ లేదు. పోయిన నెల ఒక ఇంటికి ప్రింట్లు ఇవ్వడానికి వెళ్తే ఆ ఇంటి పెద్దాయన ఫొటోను దూలం కింద, విత్తనాల బుట్ట పక్కన, పొగ తగలనిచోట మేకుకు తగిలించాడు. కాసేపు చూసి, పక్కింటివాళ్లు కూడా అడుగుతున్నారు, ఎప్పుడొస్తారని అడిగాడు. ఆదివారం వస్తామని చెప్పాం.